తల లేని అమ్మ, అమ్మ లేని బొమ్మ

[స్క్రీన్: అలంపూర్ మ్యూజియం, లజ్జాగౌరి శిల్పం]

అలంపూర్ పోయినవాళ్లు జోగులాంబ దర్శనం చేసుకుని, నవబ్రహ్మ గుళ్లు చుట్టి వచ్చేస్తారు. మ్యూజియంలోకి తొంగిచూసేవాళ్లు తక్కువ. అందులో లజ్జాగౌరి అనే సంతాన దేవత శిల్పం ఉంది. మోకాళ్లు మడిచి, కాన్పుకు కూర్చున్నట్టు ఉంటుంది. తల ఉండాల్సిన చోట తామరపువ్వు. ముఖం లేదు గానీ రొమ్ములు, పొట్ట, తొడలు... ఒళ్లంతా ఉంది.

[స్క్రీన్: ఏఐ గీసిన గర్భిణి]

ఇప్పుడు ఏఐని ‘పాలమూరు గర్భిణి’ బొమ్మ గీయమని అడగండి. నాకైతే పట్టుచీర, చేతినిండా గాజులు, కెమెరా వైపు చిరునవ్వు వచ్చాయి. వాచిన కాళ్లు లేవు. పుణెలో కూలి పని చేసి, నెలలు నిండుతుంటే బస్సెక్కి ఊరికొచ్చే మనిషి అసలే లేదు. ఈ మోడళ్లు నేర్చుకునేది ఇంటర్నెట్‌లోని ఫోటోలు, వాటి పక్కన రాసిన మాటల నుంచి. శ్రీమంతం ఫోటోలు అందరూ పెడతారు. ఐరన్ మాత్ర పడక వాంతి చేసుకున్న ఫోటో ఎవరు పెడతారు?

అమ్మను మాయం చేయడం ఏఐతో మొదలైంది కాదు. 1965లో అమెరికా పత్రిక లైఫ్ ముఖచిత్రంగా లెనార్ట్ నిల్సన్ తీసిన పిండం ఫోటో వేసింది. చీకట్లో ఒంటరిగా తేలుతున్న బిడ్డ, చుట్టూ తల్లి ఆనవాలే లేదు. ఆ ఫోటోల వరుసలో చాలా పిండాలు అప్పటికే గర్భం నుంచి బయటికి తీసినవి.

[స్క్రీన్: త్రీడీ స్కాన్]

త్రీడీ స్కాన్‌లో బిడ్డ బంగారు రంగులో మెరుస్తుంది కదా, ఆ రంగు సాఫ్ట్‌వేర్ పూసింది. మిషన్‌కు అందేది లోపల తగిలి తిరిగొచ్చిన శబ్దమే. శబ్దానికి రంగెక్కడిది? పుట్టబోయే బిడ్డ ముఖం చూపిస్తామనే ఏఐ యాప్‌లు ఇంకో అడుగు ముందుకేసి, స్కాన్‌లో లేని కనుబొమలు, జుట్టు కూడా అంచనాతో నింపేస్తాయి. ముద్దుగానే ఉంటుంది. కానీ అది మీ బిడ్డ కాదు.

మరి టెక్నాలజీతో నిజాయితీగా బొమ్మ వేయలేమా? వేయొచ్చు. ఆనీ లియూ అనే కళాకారిణి, బిడ్డ పుట్టిన మొదటి 30 రోజుల్లో పాలు పట్టిన ప్రతిసారీ, డైపర్ మార్చిన ప్రతిసారీ లెక్కగట్టి, ఆ డేటాతోనే ఒక కళాకృతి చేసింది. అందులో తల్లి చాకిరీ కళ్లకు కడుతుంది. మన దగ్గరా ఆ ముడిసరుకు ఉంది. ఆశా వర్కర్ అడిగే తల్లీబిడ్డల కార్డు తెరవండి: బరువు, బీపీ, రక్తం ఎంతుంది... నెలనెలా రాసినవే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన నల్గొండ పల్లెల్లో, ఆ అంకెలతో గీసే బొమ్మ ఏ యాప్ ఇచ్చే ముఖం కన్నా ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

[స్క్రీన్: స్కాన్ రిపోర్టు పైభాగం]

పాపా, బాబా చెబుతానంటే ఆ యాప్ జోలికి పోకండి. పుట్టకముందే లింగం చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. ఇక స్కాన్ రిపోర్టు పైన మీ పేరు, వయసు, తేదీ ఉంటాయి. ఎక్కడ అప్‌లోడ్ చేసినా ముందు ఆ పట్టీ కత్తిరించండి.