దసరాకి హాల్లో షెల్ఫ్ అలంకరణ: ఎండిన పూలు, కంకులు, రావి ఆకులు

శ్రోతలకు నమస్కారం. చలి దేశాల్లో చలి కాచుకునే పొయ్యి పైన గోడకు ఒక పలక ఉంటుంది. శరత్కాలం రాగానే దాన్ని ఎర్రబడ్డ ఆకులతో, గుమ్మడికాయలతో సింగారిస్తారు. మన బెంగళూరు ఇళ్లలో ఆ స్థానం టీవీ పైన ఉండే షెల్ఫ్‌దో, షోకేసు పైభాగానిదో. దసరాకి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో కొలువు పక్కనున్న షెల్ఫ్‌కీ ఈ పని బాగా నప్పుతుంది. అందుకోసం ప్లాస్టిక్ మేపుల్ ఆకులు కొనక్కర్లేదు. ఆశ్వయుజంలో మన చుట్టూ దొరికేవే చాలు. కాకపోతే వాటిని పూర్తిగా ఎండబెట్టాలి. సెప్టెంబరు, అక్టోబరు ఇక్కడ వానల నెలలు. చేత్తో చేసిన అలంకరణ బూజు పట్టిందంటే, సాధారణంగా లోపల తడి మిగిలిపోయిందనే అర్థం.

ముందు పూలు. బతుకమ్మలో పేర్చే గునుగు, సీతజడ, వీటికి తోడు బొగడబంతి. ఈ మూడూ ఎండినా రంగు చాలావరకు నిలుపుకుంటాయి. కాడలతో ఉన్నవి తెచ్చి, ఆకులు దూసేసి, ఎనిమిది పది కాడల చొప్పున కట్ట కట్టండి. దారంతో కాదు, రబ్బరు బ్యాండుతో కట్టాలి. కాడ ఎండేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి దారం వదులై పూలు జారిపోతాయి. కట్టల్ని తలకిందులుగా, వెలుతురు తగలని గదిలో, గాలి ఆడేలా వేలాడదీయండి. ఎండలో పెడితే త్వరగా ఎండుతాయి గానీ రంగు వెలిసిపోతుంది. ఈ వానల్లో రెండు మూడు వారాలు పడుతుంది, ఫ్యాను వేసి ఉంచితే ఇంకొంచెం ముందే అవుతుంది. కాడ వంచితే పుటుక్కున విరగాలి, అప్పుడే ఎండినట్టు. గునుగు నుంచి చిన్న నల్ల గింజలు రాలుతుంటాయి, కింద పేపరు పరచండి.

బంతి సంగతి వేరు. కె.ఆర్. మార్కెట్‌లో కాడలు లేకుండా కిలోల లెక్కన అమ్ముతారు. వాటిని పూల అడుగున ఉండే పచ్చటి బుడిపె మధ్యగా సూదితో గుచ్చి, పువ్వుకీ పువ్వుకీ వేలెడు ఎడం వదలండి. గుడికి కట్టినట్టు ఒత్తుగా గుచ్చితే ఆ బుడిపెల్లో తడి ఆరక నల్లబడి కుళ్లుతాయి. ఎండాక పువ్వు సగానికి సగం చిన్నదవుతుంది. అప్పుడు దగ్గరికి జరిపి, మధ్య మధ్య బత్తాయి చక్రాలు గుచ్చుకోవచ్చు. కమలాపండు పనికిరాదు. తొక్క వదులుగా ఉండి కోయగానే తొనలు విడిపోతాయి. బత్తాయిని అర సెంటీమీటరు మందంలో కోసి, గుడ్డతో రసం అద్ది, ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు, అరగంటకోసారి తిప్పుతూ ఎండబెట్టాలి. తొందరపడి వేడి పెంచితే అంచులు మాడతాయి, మధ్యలో జిగురు మిగులుతుంది.

నాలుగడుగుల షెల్ఫ్‌కి దండ ఐదడుగులు ఉండాలి. అప్పుడే మధ్యలో అందంగా జారుతుంది. అద్దె ఇంట్లో మేకులు కొట్టనివ్వరు, టేపు అంటిస్తే రంగు ఊడొస్తుంది. దండకున్న జనపనార పురికొస చివర్లను రెండు గుండ్రాళ్లకు కట్టి రాళ్లను షెల్ఫ్ మీదే పెట్టేయండి. దండ తేలికే కాబట్టి ఆ బరువు సరిపోతుంది.

ఇక రావి ఆకు జాలీ, అంటే ఆకు పొర పోయి ఈనెలు మాత్రమే వలలా మిగిలిన ఆకు. ఓపికతో చేసే పని ఇది, ఈ అలంకరణలో అన్నిటికన్నా అందమైనదీ ఇదే. లేతాకులు వద్దు, ముదురు పచ్చగా, పురుగు కొట్టనివి ఏరుకోండి. బకెట్ నీళ్లలో మూడు నాలుగు వారాలు నానబెట్టి, మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. కంపు వస్తుంది, బాల్కనీలో ఉంచడం మంచిది. ఆకు పొర వేలికి జారుతున్నప్పుడు పలక మీద పరచి, సన్నటి నీటి ధార కింద పాత టూత్‌బ్రష్‌తో తట్టినట్టుగా రుద్దాలి. ఈనెల వెంట, తొడిమ నుంచి కొసకే రుద్దండి. అడ్డంగా రుద్దితే ఆ పొడుగాటి తోక ముందు తెగుతుంది. అంత వ్యవధి లేకపోతే లీటరు నీటికి రెండు పెద్ద చెంచాల చాకలి సోడా వేసి గంట సేపు సన్న మంట మీద ఉడికించవచ్చు. స్టీలు గిన్నే వాడండి, చాకలి సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, కిటికీ తెరిచి ఉంచాలి. శుభ్రమైన జాలీని పాత పేపర్ల మధ్య పెట్టి పైన లావు పుస్తకం బరువు ఉంచితే రెండు రోజుల్లో చదునుగా ఆరుతుంది. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి, ఈనెల సన్నటి అల్లిక మొత్తం కనిపిస్తుంది.

ఎత్తు కోసం కొర్ర కంకులు. ఊరినుంచి, ముఖ్యంగా రాయలసీమ వైపు నుంచి, ఎవరైనా వస్తుంటే తెమ్మనండి. వంగిన ఆ కంకులే ఒక అలంకారం. కానీ గింజ ఉన్నచోటికి పురుగు వస్తుంది. ప్లాస్టిక్ కవరులో గట్టిగా మూసి వారం పాటు ఫ్రీజర్‌లో ఉంచండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పొద్దు. చల్లటి కంకుల మీద గాలిలోని తేమ చేరి అంతా తడుస్తుంది. చల్లదనం పూర్తిగా పోయాకే తెరవాలి. కుండీ అడుగున రెండంగుళాల ఇసుక పోస్తే తలబరువుకి పడిపోదు. సరుగుడు కాయలు, జకరందా కాయలు రాలినవి ఏరుకోండి. పార్కుల్లో చెట్ల మీంచి కోయకూడదు.

అమర్చేటప్పుడు కంకుల కుండీని నడిమధ్యన కాకుండా ఒక పక్కకు జరిపి, రెండో పక్క రెండు కర్ణాటక చెన్నపట్న బొమ్మలో ఏటికొప్పాక బొమ్మలో పెట్టండి. రెండు ఊళ్లలోనూ సంప్రదాయంగా చేసేది అంకుడు కర్రతోనే, పూసేది లక్కే. మధ్య కొంత ఖాళీ వదలండి. అన్నీ కుక్కితే జాలీ ఆకు కనబడదు.

దీపం ఈ షెల్ఫ్ మీద వద్దు. ఎండు కంకి క్షణంలో అంటుకుంటుంది, లక్క వేడికి కరుగుతుంది. దీపపు కుంది కింద నేల మీద, కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి. షెల్ఫ్ మీద వెలుగు కావాలంటే బ్యాటరీ ఎల్‌ఈడీ తీగ చాలు. వార్నిష్ స్ప్రే కొట్టాలనుకుంటే పూర్తిగా ఎండాకే కొట్టండి, లేకపోతే లోపలి తడి బయటికి పోలేక బూజు పడుతుంది. కంకులకు మాత్రం స్ప్రే చేయకండి. కార్తీకం అయ్యాక అవి బాల్కనీలో పిచ్చుకలకు వేలాడదీయవచ్చు. నమస్కారం.