పరదా వెనకా, కెమెరా ముందూ

అందరికీ నమస్కారం. నీలోఫర్ అనగానే హైదరాబాద్ వాళ్లకు రెండే గుర్తొస్తాయి: రెడ్‌హిల్స్‌లో పిల్లల దవాఖాన, ఆ తర్వాత చాయ్. ఆ పేరుగల నిజాం కోడలి ఫోటోల దగ్గరికి వస్తాను గానీ, ముందు ఆమె పెళ్లికి ఒక నలభై ఏళ్లు వెనక్కి పోదాం.

1892లో రాజా దీన్ దయాళ్ ఇక్కడ ఆడవాళ్లకోసం విడిగా జనానా స్టూడియో తెరిచారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ ఆయన. చుట్టూ ఎత్తైన గోడలు. లోపలి పనంతా కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసాని చూసేది. అంటే ఘోషా ఇళ్ల ఆడవాళ్లకు ఫోటో దిగడంతో పేచీ లేదు. చూసేదెవరన్నదే పేచీ.

బట్టల లెక్క కూడా వేరే. అప్పటి గాజు ప్లేట్లకు ఎరుపు ఆనదు. ఎంత ఖరీదైన ఎర్రపట్టు కట్టినా నల్లగానే పడుతుంది, లేత నీలమైతే తెల్లగా తేలిపోతుంది. జరీ, ముత్యాలు మాత్రం వెలుతురు తగిలితే మెరుస్తాయి. ఇంట్లో నలుగురూ మెచ్చే రంగు ఫోటోలో దండగ. అంచూ, మెడలో నగా, కుచ్చిళ్ల మడతా, ఇవే మాట్లాడాలి.

ఇక 1931కి వద్దాం. ఆ నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఏడో నిజాం పెద్ద కొడుకులిద్దరికీ పెళ్లి. పెద్ద కోడలు దుర్రుషెహ్వార్, ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు. రెండో కోడలు నీలోఫర్, టర్కీనేలిన అదే ఒట్టోమాన్ వంశం పిల్ల. రాజ్యం పోయి పరాయి దేశంలో పెరిగిన వాళ్లిద్దరూ. వాళ్లు పారిస్ గౌన్లలోనే ఉండిపోవచ్చు. నవాబుల ఇళ్ల ఆడవాళ్లు వేసుకునే ఖడా దుపట్టాకే కట్టుబడినా అడిగేవాళ్లు లేరు. కానీ పత్రికలకెక్కిన ఫోటోల్లో ఎక్కువగా కనిపించేది చీరే. నీలోఫర్ చీరలు బొంబాయిలో మాధవదాస్ కుట్టుపని చేయించినవి. పల్చటి బట్ట మీద ఒత్తైన జరీ. వాటిలో కొన్ని ఇప్పుడు న్యూయార్క్‌లో ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ సేకరణలో ఉన్నాయి.

దీన్ని ఉత్త షోకు అంటే నేనొప్పుకోను. మామగారు చూడబోతే పాత టోపీ, నలిగిన షేర్వాణీ. 1937లో టైమ్ పత్రిక అట్ట మీదికెక్కిన ప్రపంచ కుబేరుడు ఆయన! ఆయన వేసుకోని దర్జా అంతా కోడళ్లు కట్టుకుని ఫోటో దిగారు. టర్కీలో పుట్టిన పిల్లలు చీర కట్టి, మేమూ ఇక్కడివాళ్లమే అని ఒక్క మాట అనకుండా చెప్పుకున్నారు. 1949లో తన దాసి ఒకామె కాన్పులో చనిపోయాక నీలోఫర్ పూనుకుని ఆసుపత్రి కోసం తిరిగింది. 1953లో అది వచ్చింది. అప్పటికే జనానికి తెలిసిన ముఖం కావడం ఆ పనికి కలిసొచ్చిందని నా అనుమానం.

మా నాయనమ్మ ట్రంకుపెట్టె మూత లోపల నీలోఫర్ ఫోటో ఉండేది, పత్రికలోంచి కత్తిరించి అన్నం మెతుకులతో అంటించింది. కొప్పు అలాగే పెట్టుకోవాలని చూసేదట. తాతది సర్ఫేఖాస్ ఊరు. శిస్తు నేరుగా నిజాం సొంత ఖజానాకే పోయేది. పెట్టె తెరిచినప్పుడల్లా తాత ఫోటోలో ముఖం చూసేవాడు కాదు. చీర అంచు మీద వేలు పెట్టి, "ఇది ఏ ఏటి శిస్తే?" అని నాయనమ్మను అడిగేవాడు.

ఆ ఫోటోయే మొదటి స్లైడ్. లైట్లు కాస్త ఆర్పండి.