చూడగానే మంచోడనిపించాడు

అందరికీ నమస్కారం. గుంటూరులో మాట్లాడుతున్నా కాబట్టి మిర్చి యార్డుతోనే మొదలెడతా. బ్యాడిగి కాయ ఎర్రగా నిగనిగలాడుతుంది గానీ కారం తక్కువ, సన్నగా ఉండే తేజ కాయ కొరికితే కళ్ళంట నీళ్ళొస్తాయి. ఇది తెలుసు కాబట్టే యార్డులో కాయ చేతిలోకి తీసుకుని విరిచి చూస్తారు. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం దూరం నుంచే రేటు కట్టేస్తాం, నా బాధల్లా అదే.

1920లో థార్న్‌డైక్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక పేపర్ రాశాడు. ఆర్మీ ఆఫీసర్లు తమ కింద పనిచేసేవాళ్ళకి శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, గుణం ఇలా దేనికది విడిగా మార్కులేశారు, తీరా చూస్తే ఒకదాంట్లో ఎక్కువొచ్చినోడికి మిగతావాటిలోనూ ఎక్కువే పడ్డాయి. మనిషి దిట్టంగా ఉంటే బుర్ర కూడా బాగుందనుకున్నారన్నమాట. దీన్నే హేలో ఎఫెక్ట్ అంటారు. 2006లో విల్లిస్, తొదొరోవ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు చేసిన ప్రయోగంలో, ఫొటోలో ముఖాన్ని సెకనులో పదోవంతు సేపు చూపించినా జనం వీణ్ణి నమ్మొచ్చు, వీణ్ణి నమ్మకూడదు అని తేల్చేశారు. ఇంకాస్త టైమిస్తే ఆ అభిప్రాయం పెద్దగా మారలేదు, మనం అనుకున్నదే కరెక్టు అన్న ధీమా మాత్రం పెరిగింది! నాకు భయమేసేది ఇక్కడే.

మన పెళ్ళిచూపులే తీసుకోండి. అమ్మాయి వచ్చి కూర్చునేలోపే అబ్బాయి తరఫువాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు, ఆ తర్వాత చదువెక్కడ, జాబెక్కడ అని అడిగేదంతా మొహమాటానికే. ఎంత చదివినా, ఎంత ఓర్పున్నా, "పిల్ల కొంచెం చామనఛాయ అండీ" అని ఫోన్ పెట్టేస్తారు. ఆ పిల్ల పక్క గదిలోంచి వింటూనే ఉంటుంది. అలాగని అందంగా ఉన్నోళ్ళకి పొగరు అనేవాళ్ళతోనూ నేను ఒప్పుకోను, అదీ అదే జబ్బు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది కదా. చేతినిండా టాటూలు, జుట్టుకి రంగేసుకున్న కుర్రాళ్ళు నడుంలోతు నీళ్ళలో పాల ప్యాకెట్లు నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగారు, ఒకడైతే ఒక మామ్మగారిని వీపున ఎక్కించుకుని, ఆవిడ మందుల కవర్ తడవకుండా నోట కరుచుకుని నడిచాడు. మామూలు రోజుల్లో అదే కుర్రాడు సందు చివర నిలబడితే మనం పిల్లల్ని లోపలికి పిలిచేస్తాం.

మొదటి చూపుని ఆపడం ఎవరివల్లా కాదు, కానీ ఆ చూపుతోనే తీర్పు చెప్పకుండా ఆగొచ్చు. రేపు మీలో ఎవరైనా ఇంటర్వ్యూ చేసే సీట్లో కూర్చుంటే, వచ్చినవాళ్ళందరికీ అవే ప్రశ్నలు వేసి ఏ జవాబుకి ఆ మార్కు అప్పటికప్పుడే రాసుకోండి. సంబంధం చూసేటప్పుడు వాకబు చేయండి, ఆస్తుల గురించి కాదు. హాస్టల్ వాచ్‌మన్‌ని, మెస్‌లో వడ్డించే ఆయన్ని, ఆఫీసులో కింద పనిచేసే జూనియర్‌ని అడగండి, వాళ్ళ ముందు మంచోళ్ళలా కనిపించాలని ఎవరూ పెద్దగా తాపత్రయపడరు.