పంటు దాటి డ్రాయింగ్ క్లాసుకి

హోస్ట్: నమస్తే అండి. ఈ ఎపిసోడ్ సఖినేటిపల్లి రేవుకి దగ్గర్లో, అక్కవాళ్ల అరుగు మీద కూర్చుని రికార్డు చేస్తున్నాం, మధ్యమధ్యలో పంటు, అదే జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ, దాని ఇంజను చప్పుడు వినిపిస్తుంది. అక్క పాతికేళ్లుగా లేసు అల్లుతున్నారు. రెండేళ్ల కిందట గోదారి పాయ వశిష్ఠ దాటి అవతల ఒక కాలేజీలో సాయంత్రం కోర్సుల్లో చేరారు. గృహకళలు, భూగర్భశాస్త్రం, టెక్నికల్ డ్రాయింగ్. అక్కా, మూడూ ఒకేసారి ఎందుకు?

అక్క: నేను చేరింది గృహకళల కోసమే తమ్ముడూ. మిగతా రెండూ దాని వెనకాలే వచ్చాయి. మాకు ఏజెంటు దారం ఇస్తాడు, నమూనా ఇస్తాడు, ముక్కకి ఇంత అంటాడు, మనం ఊఁ అంటాం. ఎంత దారం పడుతుందో, ఎన్ని గంటలు కూర్చోవాలో ముందు తెలీదు. దారం చాలకపోతే ఆ డబ్బు మన కూలీలోంచే పోతుంది. మొదటి రోజు మేడం చెప్పిందల్లా ఒక్కటే. పది సెంటీమీటర్ల చదరం ఒకటి అల్లండి, గడియారం చూడండి, తక్కెడలో వెయ్యండి అని. నాకు 3 గ్రాములు వచ్చింది, 40 నిమిషాలు పట్టింది.

హోస్ట్: దాన్నిబట్టి పెద్దదానికి లెక్క కట్టేస్తారా?

అక్క: ఆయ్. మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు ఉన్న టేబుల్ క్లాత్ అనుకో, అలాంటి చదరాలు 150 పడతాయి. అంటే 450 గ్రాముల దారం, నూరు గంటలు. నూరు గంటలు తమ్ముడూ! పాతికేళ్లలో ఒక్కసారి కూడా ఆ అంకె నా కళ్లబడలేదు. ఆ రాత్రి పంటు మీద కూర్చుని పాత పనులన్నీ తలుచుకుని లెక్క వేసుకుంటూ వచ్చాను, ఏడుపొచ్చింది. ఇప్పుడు ఏజెంటు వస్తే ముందు చిన్న ముక్క అల్లి చూపించి, తర్వాతే రేటు మాట్లాడుతున్నాను.

హోస్ట్: నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కదా. ఈ లెక్క ప్రతి అల్లికదారు చేతిలో ఉండాలి. మరి డ్రాయింగ్?

అక్క: లేసు డిజైను గళ్ల కాగితం మీద వేస్తారు, నిండు గడి అంటే అల్లిక, ఖాళీ గడి అంటే రంధ్రం. నా చేతికొచ్చిన డిజైన్లు నేనే కాగితం మీద పెట్టుకుందామని డ్రాయింగ్‌లో కూర్చున్నాను. తీరా చూస్తే అక్కడ సారు గళ్లు కాదు, చూపు నేర్పించాడు. మన దేశంలో వాడే పద్ధతిలో పైనుంచి చూసిన బొమ్మని కింద గీస్తారు, ఎదుటి బొమ్మ పైన ఉంటుంది. నాకు వారం రోజులు తల తిరిగింది.

హోస్ట్: నాకు ఇప్పుడే తిరుగుతోంది.

అక్క: నా అన్నం క్యారేజీ తీసి కాగితం మీద పెట్టి సారు అడిగాడు, నెత్తిమీంచి దీపం వేస్తే దీని నీడ ఎక్కడ పడుతుందమ్మా అని. కింద. అందుకే పైనుంచి చూసింది కింద. వస్తువు మన కంటికీ కాగితానికీ మధ్యలో ఉందనుకోవాలి. అది తెలిశాక చెయ్యి దానంతటదే కదిలింది. ఆయనే సెక్షన్ కూడా నేర్పాడు, గుమ్మడికాయని నిలువునా కోసి లోపల చూపించినట్టు గియ్యడం. ఆ కోతే నన్ను భూగర్భశాస్త్రానికి తీసుకెళ్లింది.

హోస్ట్: నేలని కోసి చూడ్డం.

అక్క: అదే. ఒక ఆదివారం మమ్మల్ని రాజమండ్రి పక్కన కాతేరు తీసుకెళ్లారు. అక్కడ నల్లరాయి లావా పొరలు, రెండు పొరల మధ్య సున్నపురాయి, అందులో గుల్లలు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందటివి. ఆ లావా పడమటి వైపు దక్కన్ నుంచి లోయల వెంబడి వెయ్యి కిలోమీటర్ల దాకా పారి వచ్చిందంటారు. గోదారి కూడా పడమటి నుంచే కదా వచ్చేది, ఆ మాట వింటే ఒళ్లు జలదరించింది. మన కోనసీమ మాత్రం నిన్నమొన్నటిది, ఆరు వేల ఏళ్లుగా గోదారి తెచ్చి పోసిన మట్టి. మెరకల మీద కొబ్బరి, పల్లంలో వరి ఎందుకో అప్పుడు తెలిసింది. ఆ ఇసుక మెరకల్లో చాలావి ఒకప్పుడు సముద్రం ఒడ్డు.

హోస్ట్: మీ ఇంటి ఫిల్టర్ పాయింట్, అదే ఇసుక పొరలోకి దింపే చిన్న బోరు, దాని కథ అక్కడే మొదలైందా?

అక్క: మా పాత ఫిల్టర్ పాయింట్ ఉప్పు తిరిగింది. ఇంకా లోతుకి దింపితే మంచినీళ్లు పడతాయని అందరూ అన్నారు. క్లాసులో విన్నది వేరు. మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్ల మీద తేలి ఉంటాయి. సముద్ర మట్టానికి అడుగు ఎత్తున మంచినీళ్లుంటే కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీళ్లే. మనం మోటరు పెట్టి తెగ తోడితే పైన తగ్గుతుంది, కింద ఉప్పు ఎగదన్నుతుంది. అందుకని కొత్తది వేసేటప్పుడు అయిదడుగులకోసారి వచ్చిన మట్టిని ఎరువుల సంచి మీద వరసగా కుప్పలు పెట్టించాను. పసుపు ఇసుక, ముతక ఇసుక, తర్వాత బూడిదరంగు జిగురు మట్టి, అందులో చిన్న చిన్న గుల్లలు. రెండడుగులకి సెంటీమీటరు చొప్పున సెక్షన్ గీశాను. ముతక ఇసుకలోనే ఆపమన్నాను, చిన్న మోటరు పెట్టించాను. ఇప్పటిదాకా నీళ్లు తియ్యగానే ఉన్నాయి.

హోస్ట్: ఇంత పనికొచ్చే క్లాసుల్లో చేరేవాళ్లు తక్కువ ఎందుకంటారు?

అక్క: టైము. ఎనిమిదింటికి క్లాసు వదిలితే ఆఖరి పంటు అందుతుందో లేదో అని రోజూ టెన్షనే. నాతో చేరిన ఆడవాళ్లు కొందరు అందుకే మానేశారు. తర్వాత సంవత్సరం సరిపడా జనం లేరని భూగర్భశాస్త్రం ఆపేశారు. అరగంట ముందు మొదలుపెట్టి ఉంటే నిలిచేది, ఆ మాట అర్జీలో కూడా రాసిచ్చాను.

హోస్ట్: ఆ బోరు బొమ్మ ఒకసారి చూపించండక్కా.

అక్క: నా దగ్గరెక్కడుంది, బోరు వేసినాయన పట్టుకెళ్లిపోయాడు. పక్క వీధిలో పని పడితే జేబులోంచి తీసి చూసుకుంటున్నాడట. నిన్న మళ్లీ వచ్చాడు, ఇంకో మూడు చోట్ల మట్టి తెచ్చాను, గీసిపెట్టమ్మా అని. అదిగో, గుమ్మం పక్కన ఆ సంచులే.