మున్సబు కొడుకుకే మున్సబు కుర్చీనా?

మొన్న చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ దగ్గర టీ తాగుతుంటే, గ్రూప్స్‌కి చదువుతున్న ఒక తమ్ముడు అడిగాడు: "ఎమ్మెల్యే కొడుకు ఎమ్మెల్యే అయిపోతుంటే, మాకెందుకక్కా ఈ పరీక్షలు?" ఈ మాట విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. తమ్ముడి కోపం న్యాయమే, గురి మాత్రం తప్పింది. ఎమ్మెల్యే కొడుక్కి పార్టీ టికెట్ ఇచ్చినా, ఓడించే అవకాశం మన చేతిలో ఉంది. మనం ఓటెయ్యని, నోటిఫికేషనే రాని కుర్చీ సంగతేంటి? బంధుప్రీతి కాపురం అక్కడ.

ఒక కుర్చీ కథ చెప్తాను. గుంటూరు జిల్లాలో ఒక ఊరిని రెండుగా విడగొట్టారు. కొత్త ఊరికి గ్రామ మున్సబు, అంటే ఊళ్లో శిస్తు వసూలు చేసే అధికారి, కావాలి. మొదట ఒకాయన్ని వేశారు. పాత మున్సబు కొడుకు, ఆ కుర్చీ మా ఇంటిదని అప్పీలుకెళ్తే, అతనికే ఇచ్చేశారు. అప్పటికి అమల్లో ఉన్న 1895 నాటి మద్రాసు చట్టమే అలా ఉంది మరి: పాత మున్సబు కుటుంబంలోంచే ఎంచుకోవాలి. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. వంశపారంపర్య పదవి ఆస్తి లాంటిదే కదా అన్న వాదన వచ్చింది. కాదు, అది ప్రభుత్వ ఉద్యోగమేనని 1960 డిసెంబరులో కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. తండ్రి పొలం కొడుక్కి వస్తుంది, తండ్రి కొలువు రాదు. రాజ్యాంగం 16వ అధికరణం తీసి చూడండి, మతం, కులం పక్కనే "వంశం" అన్న మాట కూడా ఉంది. ఆ ఒక్క మాట రాసిపెట్టినందుకు నేను మనసారా దణ్ణం పెడతాను.

[తెర మీద: పాత గ్రామ చావడి, ఖాళీ కుర్చీ]

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం (ఊరి లెక్కలు రాసేవాడు), మున్సబు, మన తెలంగాణ వైపు పటేల్, పట్వారీ పదవుల్నే తీసేసింది. మరి ఆ కుర్చీ పోయిందా? చావడిలోంచి లేచి ఆఫీసుల్లోకి వచ్చింది. మంత్రి పేషీలో పోస్టు, కార్పొరేషన్‌లో నామినేటెడ్ పదవి, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఏజెన్సీకి పేర్ల చిట్టీ అందితే చాలు, మున్సబు కొడుకు మళ్లీ కూర్చుంటాడు. ఈసారి అప్పీలుకెళ్లడానికి కూడా ఉండదు, ఎందుకంటే పోస్టు ఉందని రెండో మనిషికి తెలియనే తెలియదు.

ఉద్యోగి సర్వీసులో చనిపోతే ఇంట్లో ఒకరికిచ్చే కారుణ్య నియామకాన్ని దయచేసి దీంతో కలపకండి. అన్నం పెట్టే మనిషి పోయిన ఇంటికి ఆసరా అది.

టైం అయిపోతోంది, ఆపే దారులు గబగబా చెప్పేస్తాను. మార్కులు ఇష్టమొచ్చినట్టు పడే చోటు మూసెయ్యాలి: తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2 ఇంటర్వ్యూలు ఎత్తేసింది, మంచి పని. ఔట్‌సోర్సింగ్‌కీ బహిరంగ ప్రకటన, మెరిట్ జాబితా ఉండాలి. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాల ప్రకారం, పలుకుబడి వాడి ఇంటివాళ్లకి కంపెనీల్లో ఉద్యోగం ఇప్పించకూడదు. అంత గట్టి కట్టు మంత్రులకీ చట్టంగా రావాలి. ఫ్రాన్స్ 2017లో ఎంపీలు భార్యాపిల్లల్ని సహాయకులుగా పెట్టుకోవడం చట్టం చేసి ఆపేసింది, మనకేం అడ్డం?

ఇక మీ వంతు. మీ మున్సిపాలిటీకి ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. ఔట్‌సోర్సింగ్‌లో ఎంతమంది ఉన్నారు, ఏ ఏజెన్సీ, ప్రకటన ఏ తేదీన ఇచ్చారు? ఈ మూడే అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రకటన తేదీ దగ్గర ఖాళీ వదిలేస్తే, ఆ కాగితం నాకు పంపండి.