మేఘం సంగతి ఆ పిల్ల చెప్పింది, రాయలేదు

[తెర మీద నల్లబల్ల. 'ప', 'ష', 'ఫ' ఒక్కొక్కటిగా పడతాయి.]

ఈ మూడక్షరాలు చూడండి. 'ప' పొట్టలో గీత పడితే 'ష', కింద పడితే 'ఫ'. వీటిని ఎప్పుడు నేర్చుకున్నామో మనకి గుర్తు కూడా లేదు. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, ఉన్న పిల్లకి మాత్రం ఐదో తరగతిలోనూ ప్రతి గీతా వెతుకులాటే. పైన గుడి, పక్కన కొమ్ము, కింద ఒత్తు.

అదే పిల్లని వాన ఎలా పడుతుందో నోటితో చెప్పమనండి. సముద్రం దగ్గర మొదలుపెట్టి ఊరి చెరువు దాకా చెప్పేస్తుంది. రాయమంటే మూడు లైన్లు, వాటి మీద ఎర్ర సిరా, కింద 'బద్ధకం' అని టీచర్ మాట. ఇంతకీ మనం పరీక్ష పెట్టింది సైన్స్‌లోనా, దస్తూరీలోనా?

[తెర మీద: 2016]

ఆ ఏడాది వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. ఆటిజం (నలుగురితో మాట్లాడే, మసలే తీరు వేరుగా ఉండటం) అందులో ఉంది, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. ఏడీహెచ్‌డీ (ఒకచోట దృష్టి, కుదురు నిలవకపోవడం) పేరు లేదు, అది పెద్ద లోటే. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు, ఇవన్నీ ఆ చట్టంలో ఉన్నాయి. సీబీఎస్‌ఈలో 3 గంటల పేపరుకి మరో గంట ఇస్తారు.

మంచిదే. కానీ ఆ గంట దొరికేది పరీక్ష రోజున. మిగతా ఏడాదంతా? అందరి ముందూ నిలబెట్టి పాఠం చదివించకపోవడానికి ఏ వైకల్య సర్టిఫికెట్టూ అక్కర్లేదు. బోర్డు మీది నోట్స్ జిరాక్స్ ఇవ్వడానికీ అంతే.

[ఆఫీసు గది. బల్లకి అటూ ఇటూ ఇద్దరు.]

ఉద్యోగాల దగ్గరా ఇదే తంతు. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకి 4 శాతం కోటా ఉంది. అందులో ఆటిజం, అభ్యసన వైకల్యాలు, మానసిక అనారోగ్యం వగైరా అన్నిటికీ కలిపి 1 శాతం. ప్రైవేటు ఇంటర్వ్యూలో అయితే ఆటిజం ఉన్న కుర్రాణ్ణి 'కళ్లలోకి చూసి మాట్లాడలేదు' అని పక్కన పెట్టేస్తారు. కంప్యూటర్ కోడ్ రాయడానికి ఆ చూపుతో ఏం పని అండీ? కోడ్‌లో ఒక తప్పు (బగ్) ఇచ్చి, గంట వదిలేసి చూడండి.

ఉద్యోగం ఇచ్చాక కూడా 'కాస్త తొందరగా చూడు బాబూ' అంటే అతనికి టెన్షనే. ఎంత తొందరగా? ఏది ముందు?

[ఫోన్ తెర. మెసేజ్ చెరిపి మళ్లీ టైప్ చేస్తున్నారు.]

'లాగిన్ పేజీ ముందు. గురువారం సాయంత్రం 4 లోపు. మిగతావి వచ్చే వారం.'