62 వాళ్ళు, 94 వాళ్ళు

(సంక్రాంతి సాయంత్రం రెండు కాలనీల వాళ్ళు కలిసినప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న కర్నల్ గారికి, ఆయన వెనకాల నక్కిన మా ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ఈసీఐఎల్ మిత్రులకి ఇంకో నమస్కారం. మైకు నా చేతికిస్తే ఎ.ఎస్.రావు నగర్ డప్పు కొడతానని సైనిక్‌పురి వాళ్ళు ముందే అభ్యంతరం చెప్పారట. మా అమ్మాయి వాళ్ళ కాలనీకే కోడలిగా వెళ్ళింది కాబట్టి చివరికి ఒప్పుకున్నారు. మా వియ్యంకుడు గారు కూడా ఇక్కడే ఉన్నారు. ఆయన ఎదురుగా నేనెంత నిజం మాట్లాడగలనో ఆడపిల్లల తండ్రులకి వేరే చెప్పక్కర్లేదు.

ఊళ్ళ నించి వచ్చే చుట్టాలకి మన గొడవ అర్థం కాదు. రెండూ సికింద్రాబాద్ అవతల పక్కపక్కనే ఉన్న కాలనీలు. ఈసీఐఎల్ చౌరస్తాలో బయల్దేరి, రాధిక చౌరస్తా దాటి నేరేడ్‌మెట్ వైపు పోతుంటే ఎక్కడో ఒకచోట మేం అయిపోయి వాళ్ళు మొదలవుతారు. సరిగ్గా ఎక్కడ అనడిగితే ఆటోవాలా ఒకటి చెబుతాడు, ఇల్లు అమ్మేవాడు ఇంకోటి చెబుతాడు. తేడా తెలిసింది పోస్ట్‌మ్యాన్‌కే. పిన్‌కోడ్ మాది 500062, వాళ్ళది 500094. అందుకే మా ఇంట్లో మనవడు తాతలిద్దర్నీ అలాగే పిలుస్తాడు. నేను 62 తాతని, వియ్యంకుడు గారు 94 తాత.

మా పేరు సంగతి ముందు చెప్పుకుంటాను, మైకు నా దగ్గరే ఉంది కదా. ఎ.ఎస్.రావు అంటే అయ్యగారి సాంబశివరావు గారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, స్టాన్‌ఫర్డ్‌లో చదివి, అణు శాస్త్రవేత్త హోమీ భాభా దగ్గర పనిచేసిన మనిషి. 1967లో ఈసీఐఎల్ పెట్టినప్పుడు దాన్ని నిలబెట్టింది ఆయనే. కంప్యూటర్ అంటే ఏమిటో ఊళ్ళల్లో ఎవరికీ తెలియని రోజుల్లో ఇక్కడ టీడీసీ కంప్యూటర్లు తయారయ్యేవి. ఈసీ టీవీ ఉన్న ఇంటికి ఆదివారం వీధి వీధంతా వచ్చి కూర్చునేది, గుర్తుందా? ఇవాళ మీరు ఓటు నొక్కే యంత్రాలు చేసే రెండు సంస్థల్లో మాదొకటి. ఆ ఉద్యోగులు కట్టుకున్న కాలనీకి ఏ మంత్రి పేరో పెట్టకుండా ఒక ఇంజినీరు పేరు పెట్టారు. హైదరాబాద్‌లో ఎన్ని నగర్‌లు లేవు? సైంటిస్టు పేరున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టండి చూద్దాం.

ఇక్కడ కర్నల్ గారు గొంతు సవరించుకుంటున్నారు. సరే. సైనిక్‌పురి సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళ కోసం వేసిన కాలనీ. పక్కనే వాయుపురి, డిఫెన్స్ కాలనీ. అన్నీ ఆ కుటుంబంలోవే. వాళ్ళ ప్లాట్లు పెద్దవి, చెట్లు పెద్దవి, కుక్కలు ఇంకా పెద్దవి. పొద్దున ఆరింటికి వాకింగ్‌కి వెళ్తే అక్కడ గుడ్ మార్నింగ్ అంటారు, మా దగ్గర "ఏం బాబాయ్, కూరగాయలకేనా?" అంటారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఈ ఒక్క తేడా మాత్రం చెరిగిపోలేదు. వాళ్ళు మా రోడ్డుని సంత అంటారు. మేం వాళ్ళ వీధుల్ని, మధ్యాహ్నం పూట, కర్ఫ్యూ అంటాం.

కానీ ఒక రహస్యం చెప్పనా? మా అమ్మాయి సంబంధాలప్పుడు ఫోన్‌లో "ఎక్కడండీ మీ ఇల్లు?" అనడిగితే మా ఆవిడ తడుముకోకుండా "సైనిక్‌పురి పక్కనండీ" అనేది. పాతికేళ్ళ నా ఫ్యాక్టరీ సర్వీసుకి ఆ ఒక్క మాటతో నీళ్ళొదిలేసింది. పెళ్ళయ్యాక తెలిసింది, అవతల వియ్యపురాలు గారు కూడా తక్కువ తినలేదు. "అన్నీ దగ్గరేనండీ, ఎ.ఎస్.రావు నగర్ రెండడుగులు" అని మా బజారు చూపించే మా అమ్మాయిని ఒప్పించారు. బంగారమైనా బట్టలైనా మిక్సీ రిపేరైనా వాళ్ళు రావలసింది మా రోడ్డుకే. ఇక అపార్ట్‌మెంట్ల వాళ్ళ సంగతి సరేసరి. యాప్రాల్‌లో కట్టినా, దమ్మాయిగూడలో కట్టినా బోర్డు మీద ఈ రెండు పేర్లలో ఏదో ఒకటి ఉండాల్సిందే. ఆ లెక్కన సైనిక్‌పురి ఇప్పుడు కీసర దాకా పాకిపోయింది.

కష్టాల్లో మాత్రం పోటీ లేదు. 2017లో మెట్రో మొదలైంది, మనల్ని చూడకుండా పోయింది. ఇప్పటికీ హబ్సిగూడో తార్నాకో పోయి ఎక్కాలి. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు నించి గాలి తిరిగిందంటే 62, 94 తేడా లేకుండా కిటికీలు మూసుకుంటాం. అప్పుడు కూడా మనవాళ్ళు ఊరుకోరు, "ఇవాళ మీ వైపే ఎక్కువ కొట్టిందట కదా" అని మెసేజ్ పెడతారు.

మొన్న కాప్రా చెరువు దగ్గర ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. ఆయనది కాప్రా, తాతల నాటి నించీ అక్కడే. మన రెండు కాలనీల వాదన అంతా విని, "మీ ఇద్దరూ వచ్చింది మా ఊరికే కద సార్" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నిజమే మరి, 2007లో 12 మున్సిపాలిటీలను జీహెచ్‌ఎంసీలో కలిపేదాకా మన మున్సిపాలిటీ పేరు కాప్రానే. ఆ పేరు మనలో ఎవరమైనా పెళ్ళి సంబంధాల్లో చెప్పామా? చెప్పలేదు. ఆయన నవ్వి, బీడీ ఆర్పి లేచి వెళ్ళిపోయాడు.

సరే, అందరూ ఎదురుచూస్తున్నది నా ప్రసంగం కోసం కాదని తెలుసు. ముగ్గుల పోటీ ఫలితం ఈ కవర్లో ఉంది. పోయినేడు జడ్జీలు సైనిక్‌పురి వాళ్ళని మావాళ్ళు, అంతకుముందు ఏడు జడ్జీలు మావాళ్ళని వాళ్ళు గోల చేశారు కాబట్టి ఈసారి జడ్జీల్ని వాయుపురి నించి పిలిపించాం. ఈసారి ముగ్గురు మగవాళ్ళు కూడా ముగ్గులేశారు, వాళ్ళ గురించి వేరే ఎప్పుడైనా మాట్లాడుకుందాం. మొదటి బహుమతి...

కళ్ళజోడు పెట్టుకోనివ్వండి. మొదటి బహుమతి, కాప్రా నించి వచ్చిన ఆవిడకి. 22 చుక్కల రథం ముగ్గు.

ఏమయ్యా, కాప్రా వాళ్ళకి కూడా ఎంట్రీ ఉందని ఎవరూ నాకు చెప్పలేదే! రామ్మా, పైకి రా. వియ్యంకుడు గారూ, ఆ చీర ప్యాకెట్ ఇటు అందుకోండి.